కారని ఎర్రల డబ్బా

రేకుల మేస్త్రికి లోకంలో నచ్చని వస్తువులు చాలా ఉన్నాయి గానీ, అన్నిటికంటే ఎక్కువ అసహ్యం పాలిథిన్ సంచి మీద. కాలవగట్టున గాలాలు వేసే పెద్దమనుషుల్లో చాలామంది ఎరకు వాడే ఎర్రల్ని, అంటే వానపాముల్ని, ఆ సంచుల్లోనే మూటగట్టి తెచ్చేవారు. ఒకాయన పగిలిన మగ్గులో, ఇంకొకాయన గడ్డం సబ్బు డబ్బాలో. ఎండెక్కేసరికి లోపలివి ఉడికి, నానిన దారాల్లా వేలాడేవి.

"చచ్చినదాన్ని గుచ్చి చేప కోసం కాచుక్కూచుంటాడట! చేపకి నీకంటే బుద్ధుంటుందిరా నాయనా" అని మేస్త్రి అందరికీ వినపడేలాగానే అనేవాడు.

వాళ్లు నవ్వేసి గాలాలు వేసుకునేవారు. ఆయనతో తగువెలా పెట్టుకుంటారు? వాళ్ల వంటింట్లో నూనె గరాటు నుంచి చూరు కింద వాననీళ్లు దిగే గొట్టం దాకా అన్నీ ఆయన చేతి పనే. బడికి నీళ్ల పీపా చేసింది ఆయన. ఆస్పత్రికి మందుల పెట్టెలు చేసింది ఆయన. బేకరీవాడి అచ్చులు, పాలవాడి కొలత గిన్నెలు, అన్నీ ఆయనవే. ఏది చేసినా నిండా నీళ్లు పోసి, పొడి కాగితం మీద పెట్టి, మర్నాడు కాగితం ఎత్తి చూసేవాడు. చుక్కంత మచ్చ కనిపించినా ఆ వస్తువును తనే సుత్తితో చితక్కొట్టేవాడు. మేస్త్రి చేసింది కారదు. ఈ మాట ఆయన అనడమే కాదు, ఆయనంటే గిట్టనివాళ్లు కూడా అనేవారు.

తరవాత ప్లాస్టిక్ బకెట్లొచ్చాయి, కొట్టు మూతబడింది. పనిముట్లు కొయ్యపెట్టెలో సర్దుకుని మంచం కిందికి చేరాయి. తండ్రి ఇచ్చిన రేకు కత్తెర, పిడి దగ్గర ఆయన బొటనవేలి గుంట పడిన కొయ్య సుత్తి, టంకం పెట్టే ఇనుము. ఇల్లు ఊడ్చినప్పుడల్లా భార్య కాలివేలు ఆ పెట్టెకు తగిలేది. తగిలినప్పుడల్లా ఆవిడ పెట్టెను కాదు, ఆయన్ని తిట్టేది.

మేస్త్రీ గాలం వేసేవాడే గానీ, గట్టునే మట్టి తవ్వి ఎర్రల్ని తీసుకునేవాడు కాబట్టి ఆయనకు డబ్బాతో పనిలేకపోయింది. ఆ ఎండాకాలం గట్టు రాయిలా బిగుసుకుంది. ఎర్రలు పెరటి తూము దగ్గర తప్ప దొరకలేదు. సరిగ్గా అప్పుడే ఆయన బావమరిది, బస్సు కండక్టరుగా చేసి దిగినవాడు, నడుముకు ఆకుపచ్చ ప్లాస్టిక్ డబ్బా ఒకటి తగిలించుకుని గట్టుకొచ్చాడు. దాని మూతకు వరసగా కన్నాలు.

"ఏమిట్రా అది, పొడుం డబ్బానా?"

"ఎర్రల డబ్బా బావా. కొత్తరకం. నడుముకి తగిలించుకుంటే రెండు చేతులూ ఖాళీ."

"నీ చేతులు ఎప్పుడు పనిలో ఉన్నాయి గనక! బొమ్మల కొట్లో కొన్నావా?"

గట్టంతా నవ్వింది. కండక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "రేకులకి కాలం చెల్లింది బావా. ఆ మంచం కింద తుప్పు ఇంకా ఎందుకు? మా అక్క కాలివేలు చితక్కొట్టడానికా?"

ఆ మాట మేస్త్రికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. గాలం కర్ర పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "వచ్చే ఆదివారం నా డబ్బా తెస్తా. అందులో ఎర్రలు సాయంత్రందాకా బతక్కపోతే ఆ తుప్పంతా పాత సామాన్లవాడికి వేసేస్తా. నువ్వే గోనె తెచ్చి మోసుకెళ్లు."

"అందరూ విన్నారుగా!" అన్నాడు కండక్టరు.

విన్నారు. ఇలాంటివి వినడానికే కదా వాళ్లు గట్టుకొచ్చేది, చేపలకా!

వారమంతా పెరట్లో టకటకలే. నడుము ఒంపుకు సరిపోయేలా రేకును గొట్టం మీద వంచాడు. అంచులు మడిచి మడత మీద మడత వేశాడు. వేళ్లకు గీరుకోకుండా పైఅంచులో తీగ చుట్టి మూసేశాడు. అతుకులన్నిటికీ టంకం పెట్టి, టంకానికి పూసిన ఆసిడ్ వాసన పోయేదాకా తోమి తోమి కడిగాడు. బెల్టు దూరే పట్టీ, మూతకు మడతబందు, మూత చుట్టూ గట్టిగా కూచునే పెదవి. నీళ్లు పోసి, మూతేసి, తలకిందులుగా కాగితం మీద పెట్టాడు. తెల్లారి కాగితం ఎడారిలా ఉంది.

"చూశావటే! వయసు వచ్చింది నాకు గానీ నా చేతికి కాదు" అన్నాడు భార్యతో.

"చూశాను. మూతేసేటప్పుడు వేలు అడ్డం పెట్టెయ్యకండి" అంది ఆవిడ.

ఆదివారం తడిమట్టి పరిచి, ఎర్రలు వేసి, ఎండకు ఆరిపోకుండా పైన ఇంకాసిని నీళ్లు చిలకరించి మూత నొక్కాడు. టక్కుమంది. ఆ చప్పుడు గట్టుమీద నలుగురికీ మళ్లీమళ్లీ వినిపించాడు. పైరకం తాళంలా ఉందని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా.

మధ్యాహ్నం మొదట కేక పెట్టింది కండక్టరే. ఆకుపచ్చ డబ్బా మూతకున్నవి కన్నాలు కావు, గుమ్మాలు. ఎర్రలన్నీ వాటిలోంచి షికారు బయల్దేరి, నడుముకు ఆనుకుని వేలాడే సంచిలోకి జారి, మూత వదులైన అతని టిఫిన్ డబ్బాలో దిగాయి. "కానియ్‌రా, ఎర వేసుకున్నావుగా, ఇక మింగు!" అని మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుతోనే దర్జాగా తన మూత తీశాడు.

గుప్పున కంపు కొట్టింది. లోపల మట్టి జావై ఉంది. జావలో ఎర్రలు తెల్లబడి తేలుతున్నాయి. ఒక్కటీ కదల్లేదు.

కండక్టరు వెటకారం చెయ్యాల్సిన అవసరం కూడా లేకపోయింది. "గోనె రేపు సాయంత్రం తెస్తా బావా" అన్నాడంతే.

ఇంటికొచ్చి మేస్త్రి డబ్బా అరుగుమీద పెట్టి కూలబడ్డాడు. భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తొంగిచూసింది.

"నేను చేసింది కారదే" అన్నాడు, ఎవరో కాదన్నట్టు.

"కారకపోబట్టే చచ్చాయి. ఆకుకూర తడిగా మూతపెడితే పూటకే కుళ్లుతుంది. అందులో మిమ్మల్ని పెట్టి మూసినా అంతే."

ఆవిడ లోపలికెళ్లి వంటింటి మేకుకు వేలాడే చిల్లుల గిన్నె తెచ్చి ఒళ్లో పడేసింది. పెళ్లయిన కొత్తలో ఆవిడ పోరితే చేసిన గిన్నె అది. చేతులారా చిల్లులు పొడవాల్సి వచ్చిందన్న ఉక్రోషంతో మేస్త్రి తను చేసినవాటిలో దాన్ని ఏనాడూ చెప్పుకోలేదు. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో రోజూ వాడుకలో ఉన్నది మాత్రం అదొక్కటే.

పొద్దున్నే పెట్టె లాగాడు. ఎలాగూ పోయే పనిముట్లు, పోయేముందు ఒక్క పని చేస్తే అరిగిపోవు. డబ్బా అడుగున మేకు ఆనించి సుత్తి ఎత్తాడు. చెయ్యి గాల్లోనే ఆగింది. రేకు పగిలితే అతుకేసిన చెయ్యి, బాగున్న రేకును పొడవడం అదే రెండోసారి. పళ్లు బిగించి కొట్టాడు. లోపల్నుంచి బయటికే పొడిచాడు, ఎర్రల ఒంటికి గరుకు తగలకూడదని. అగ్గిపుల్ల దూరనంత సన్నగా అడుగునా, మూతకూ పొడిచి, తడిపి పిండిన గోనెపట్టా ముక్క పరిచాడు. మట్టీ ఎర్రలూ వేసి గోడమీద పెట్టాడు. ఎండ ఎక్కింది, దిగింది. సాయంత్రం మూత తీస్తే లోపల జాతరలా ఉంది.

అయినా మాట మాటే. కొయ్యపెట్టెను తనే గుమ్మం దగ్గరికి లాక్కొచ్చి పెట్టాడు. కత్తెర పైన ఒకసారి చెయ్యి వేసి తీసేశాడు.

కండక్టరు గోనెతో వచ్చాడు. వచ్చి నిలబడ్డాడే గానీ వంగలేదు.

"ఏం, బరువా? నడుముకి తగిలించుకో."

"అది కాదు బావా..." కండక్టరు గోనెలోంచి ఆకుపచ్చ డబ్బా తీశాడు. "నిన్న ఒక ఎర్ర చొక్కా జేబులో ఇంటిదాకా వచ్చింది. దీంతో గడప తొక్కొద్దంది మీ చెల్లెలు. కాస్త రేకుతో మూత చేసిపెట్టవూ?"

"రేకులకి కాలం చెల్లిందిగా! పాత సామాన్లవాడిని అడుగు."

"తప్పయిపోయింది బావా."

"మీ అక్క లోపలుంది. ఆవిడకి వినపడాలి."

కండక్టరు గొంతు పెంచి, బస్సులో స్టాపు పేరు అరిచినట్టు అరిచాడు. "రేకు పని కావాలి! పెట్టె ఇంట్లోనే ఉండాలి!"

"ఆ మంచం కింద మాత్రం కాదు!" అని లోపల్నుంచి వినిపించింది.

మేస్త్రి గోనె లాక్కుని, నాలుగు మడతలు పెట్టి, అరుగుమీద వేసుకుని కూచున్నాడు. కత్తెర తీశాడు. కండక్టరు గోడమీది రేకు డబ్బా ఎత్తి చూసి, అడుగున తడి వేలికి అంటితే గతుక్కుమన్నాడు.

"బావా, ఇది కారుతోంది!"

"నేను కారమన్నాను గనక కారుతోంది" అన్నాడు మేస్త్రి తలెత్తకుండా. "ఆ ప్లాస్టిక్ సన్నాసిని ఇలా ఇవ్వు."