నాలుగో గడి

మా పరిశోధన విభాగం ఆఫీసులో నా పక్క సీటు గడువక్కది. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ అటు ఎవరూ చూడరు. ఈ పేరు పీహెచ్‌డీ విద్యార్థులు పెట్టింది. వాళ్ల పని నత్తనడక నడిస్తే నోటీసు ఇచ్చేది ఆవిడే. "మీ ప్రగతి సంతృప్తికరంగా లేదు కనుక ఆరు నెలలు పరిశీలనలో ఉంచుతున్నాం, ఈలోగా పని కాకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది" అని దాని సారాంశం. ఇరవై రెండేళ్లుగా ఏటా రెండుసార్లు ఈ మాట చెబుతోంది. అయినా ఒక్కరూ ఆవిణ్ని తిట్టుకోలేదంటే నమ్మాలి. ఆవిడ సెలవులో ఉన్నప్పుడు నేను రెండు నోటీసులిచ్చి, రెండుసార్లూ తిట్లు తిన్నాను.

తేడా ఎక్కడంటే, ఆవిడ నోటీసు పోస్టులో పడెయ్యదు. మనిషిని పిలిపించి, ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, మొత్తం చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకుంటుంది. నోటీసులో గడులు కూడా ఆవిడ గీయించినవే. పూర్వం "కృషి పెంచాలి" అని ఒక్క వాక్యం ఉండేది. ఎంత పెంచాలో, ఎవరికి చూపించాలో ఎవరూ రాసిన పాపాన పోలేదు. ఆవిడ వచ్చాక మొదటి గడిలో చేయవలసిన పని, రెండో గడిలో తేదీ, మూడో గడిలో ఆ పని చూసేవారి పేరు వచ్చి చేరాయి. గైడుగారు పాత అలవాటు కొద్దీ "ఇంకా శ్రద్ధ అవసరం" అని రాస్తే కాగితం తిప్పి పంపేది. "శ్రద్ధ అంటే ఎన్ని పేజీలు సార్?" అని అడిగేది. ఆ అడగడంలో వెటకారం వీసమెత్తు ఉండేది కాదు. అందుకే వాళ్లకు ఇంకా మండేది.

నాలుగో గడి కోసం రెండేళ్లు పోరాడింది. "ఆలస్యంలో విద్యార్థిది కాని పాలు" అని దాని పేరు. గైడు ఏడాది సెలవులో ఉండటం, యంత్రం పాడై ఎనిమిది నెలలు మూలపడటం, ఇచ్చిన అధ్యాయం ఎవరూ చదవకుండా బీరువాలో నిద్రపోవడం, ఇలాంటివన్నీ అందులోకి వస్తాయి. ఆ గడి ఖాళీగా ఉంటే నోటీసు కదలదు. ఏమీ లేకపోతే "విచారించాం, ఏమీ లేదు" అని రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం దగ్గర చాలామంది గైడ్లకు చెయ్యి ఆగి, జ్ఞాపకశక్తి తిరిగొచ్చేది.

ఐదో గడిలో విద్యార్థి తన చేత్తో కారణం రాయాలి. అందరూ "అనారోగ్యం" అనే రాస్తారు. ఆసుపత్రి తర్వాత ఇంతమంది రోగులున్నది మా దగ్గరే.

ఈసారి కమిటీ నుంచి వచ్చిన జాబితాలో పద్నాలుగు పేర్లున్నాయి. తొమ్మిదోది మా బావగారిది. అంటే గడువక్క భర్తది.

బావగారు హైస్కూల్లో చరిత్ర మాస్టారు. ఏడేళ్ల క్రితం మా దగ్గరే పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీలో చేరారు. ఒకే నది మీద కట్టిన పదకొండు పాత వంతెనల చరిత్ర ఆయన అంశం. ఏడేళ్లలో మూడో వంతెన దాటలేదు. ప్రగతి నివేదికలు గైడు నుంచి నేరుగా కమిటీకి వెళ్తాయి కనుక అక్కకి తెలిసే దారి లేదు. ఇంట్లో అడిగితే "నడుస్తోంది" అనేవారట. అక్క నమ్మింది. నమ్మి ఊరుకోకుండా, కొత్త ఇంటి తలుపుకి పేరు పలక చేయించినప్పుడు ఆయన పేరుకి ముందు 'డాక్టర్' పట్టేంత జాగా వదిలి చెక్కించింది. పలక చూస్తే పేరు ఎవరికో చోటిచ్చి పక్కకి జరిగినట్టుండేది.

జాబితా చూసిన సూపరింటెండెంట్ గారు అక్కని పిలిచారు. "ఈ ఒక్క ఫైలూ పక్క సీటుకి ఇచ్చేయండమ్మా."

"పక్క సీటు చేతిలో పడితే మనిషి బాగుపడడు సార్," అంది, నేను అక్కడే నిలబడి ఉండగా. "నిర్ణయం కమిటీది. నేను చదివి వినిపించడమే కదా. కావాలంటే ఈవిణ్ని సాక్షిగా కూర్చోబెట్టండి."

అలా నేను సాక్షినయ్యాను. "ఆ కాగితమేదో ఇంట్లోనే ఇచ్చెయ్యొచ్చుగా," అని ముందు రోజు బావగారు అడిగారట. "ఇంట్లో ఆ కుర్చీ లేదు," అందట అక్క.

గురువారం పదకొండింటికి వచ్చారు. బయట బెంచీ మీద ఇద్దరు విద్యార్థుల వెనక తన వంతు వచ్చేదాకా కూర్చున్నారు. అక్క అందరికీ చదివినట్టే చదివింది. నాలుగో వంతెన అధ్యాయం, నలభై పేజీలు, మూడు నెలల్లో. ఐదోది ఆ తర్వాతి మూడు నెలల్లో. చూసేవారు గైడుగారు. నాలుగో గడిలో గైడుగారు "విచారించాం, ఏమీ లేదు" అని రాసి సంతకం పెట్టేశారు. చదువుతున్న ఆవిడ గొంతు బాగానే ఉంది. వింటున్న నేనే రెండు గ్లాసుల నీళ్లు తాగాను.

"ఐదో గడి మీరు రాయాలి," అని పెన్ను ఇచ్చింది. "చాలామంది అనారోగ్యం అని రాస్తారు. మీకు మాత్రం నాకు తెలిసి రెండుసార్లు జలుబు చేసింది, అంతే."

బావగారు తల ఎత్తకుండా రాసుకుంటూ పోయారు. ఈ ఏడేళ్లలో ఆయన అంత ఏకధాటిగా రాయడం అదే మొదటిసారి అనుకుంటాను. రాసిందాన్ని కూడా పైకి చదవాలని రూలు. అక్క చదివింది.

"మూడేళ్ల క్రితమే ఈ పని మీద ఇష్టం పోయింది. నాకు పిల్లలకి పాఠం చెప్పడమే ఇష్టం. మానేస్తానని ఇంట్లో చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. తలుపు మీద పలక చూసి ఆగిపోయాను."

చివరి వాక్యం రెండుసార్లు చదివింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. సాక్షి ఏడవకూడదని ఎక్కడా రాసిలేదు కనుక ఏడ్చాను.

"ఇది నిజమేనాండీ?" అంది. అందరినీ అడిగే ప్రశ్నే.

"నిజమేనండీ," అన్నారాయన. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆవిణ్ని 'అండీ' అనడం నేను వినలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు రోజూ వచ్చి ఫలానా అమ్మాయి గట్టెక్కింది, ఫలానా అబ్బాయి గట్టెక్కాడు అని సంబరంగా చెప్పేదానివి. గట్టెక్కనివాళ్ల ఊసు ఎప్పుడూ ఎత్తలేదు. వాళ్లేమవుతారో నాకు తెలీలేదు."

అక్క కింది సొరుగు లాగి ఇంకో ఫారం తీసింది. తనంతట తాను విరమించుకునేవాళ్లకి ఇచ్చే ఫారం అది. "గట్టెక్కనివాళ్లు ఇంటికెళ్లి అన్నం తింటారు," అంది. "రాయాలనిపిస్తే ఆరు నెలలున్నాయి. వద్దనిపిస్తే ఇది ఉంది. రెండూ పట్టుకెళ్లి వారం ఆలోచించుకోండి. నన్ను మాత్రం అడక్కండి."

ఆయన నోటీసు మీద సంతకం పెట్టబోతుంటే ఆపింది. "ఆగండి, ఇది పూర్తి కాలేదు." కాగితం తనవైపు తిప్పుకుని నాలుగో గడిలో గైడుగారి సంతకం కింద ఒక వాక్యం రాసి, నా వైపు తోసింది. నేను చదివి సాక్షి సంతకం పెట్టాను.

"విచారణలో కొత్తగా తేలినది: భార్య. మూడేళ్లలో ఒక్కసారీ సరిగ్గా అడగలేదు."

సాయంత్రం సూపరింటెండెంట్ గారు ఆ కాగితం పట్టుకుని వచ్చారు. "ఇలాంటివి ఫైల్లో ఉండొచ్చా అమ్మా?"

"ఆ గడి ఉన్నదే అందుకు సార్."

ఆయన ముద్ర వేసి వెళ్లిపోయారు.

వారం తర్వాత బావగారు మళ్లీ వచ్చి, బెంచీ మీద వంతు కోసం కూర్చుని, విరమణ ఫారం ఇచ్చారు. అక్క తీసుకున్నట్టు రసీదు రాసిచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని, "చాలా ఆశపడ్డానే," అని నాతో ఒక్క మాట అంది. తర్వాత డబ్బా మూసేసింది.

తర్వాతి ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. లోపల బావగారు పక్కింటి పిల్లల ముందు కూర్చుని, రెండో వంతెన ఎలా కూలిందో కాగితం మీద గీసి చెబుతున్నారు. పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటున్నారు. అక్క గుమ్మంలో నిలబడి వింటోంది. తలుపు మీద పలక లేదు. అది ఉన్నచోట నాలుగు మేకు గుంటలున్నాయి.

"కొత్త పలక ఎప్పుడు పెట్టిస్తావక్కా?" అని అడిగాను.

"దానికి గడువేం లేదు," అంది.