దెయ్యం నడుస్తుండగా కట్ చెప్పరాదు

బావ తీసే దెయ్యాల సినిమాల్లో దెయ్యం నడుస్తున్నంతసేపూ ఎవరూ కట్ చెప్పకూడదు. ఇల్లు అంటుకున్నా సరే, దెయ్యం నడక పూర్తయ్యాకే ఆర్పుకోవాలి. కళ విషయంలో ఆయన పెట్టుకున్న నియమం ఇదొక్కటే. మిగతావన్నీ గాలికొదిలేశాడు.

బావకి లాండ్రీ షాపు ఉంది. సినిమా పిచ్చి ఆ షాపుకన్నా పెద్దది. అక్క పెళ్ళయిన నాటి నుంచీ ఆ పిచ్చిని భరిస్తున్నవాడు బావమరిది. ఊరికి అటు చివర ఉంటూ పెళ్ళి వీడియోలు తీసుకుని బతికే ఆ అమాయకుడు, అక్క మొగుడికి ఎదురు చెప్పలేక, ఈ కళాఖండాలన్నిటికీ కెమెరా పట్టాడు. ఎప్పటికైనా పెద్ద తెర మీద తన పేరు చూసుకోవాలని అతని ఆశ. చూడబోతే అది ఎప్పుడూ వీధిలో తెరగా కట్టిన దుప్పటి మీదే పడుతోంది.

ఆ దుప్పటి లాండ్రీలోదే. దెయ్యం కప్పుకునేదీ లాండ్రీలోదే. శవం తొడుక్కున్న చొక్కా కూడా అక్కడిదే. ఒకసారి వీధిలో సినిమా వేస్తుంటే, ఘోరమైన హత్య జరిగిన క్షణాన వెనక వరసలోంచి ఒకాయన లేచాడు.

"ఏమయ్యా, ఆ శవం వేసుకున్నది నా చొక్కా! ఇంకా ఉతకలేదన్నావుగా?"

బావ తొణకలేదు. "ఉతికాం సార్. రక్తం పడింది, మళ్ళీ ఉతుకుతున్నాం."

గబ్బిలాలు పాత గొడుగు గుడ్డతో చేసినవి. అర్ధరాత్రి సీన్లన్నీ మధ్యాహ్నం కర్టెన్లు దించి తీసినవి. అందుకే నడిరేయి శ్మశాన నిశ్శబ్దంలో పక్కింటి పిల్లలు ఎక్కాలు వల్లెవేస్తూ వినిపిస్తారు. తుపాను కావాలంటే టేబుల్ ఫ్యాను తిప్పుతారు. దాని వైరు పొట్టిది కాబట్టి ఏ సినిమాలోనైనా తుపాను ప్లగ్గు దగ్గరే వస్తుంది. హీరో ఎదుటి సెలూన్ ఓనరు. ఆయన్ని భయపడమంటే ఆవులిస్తాడు.

అయినా వీధి వీధంతా కుర్చీలు మోసుకుని వస్తుంది. పెద్ద సినిమాల్లో దెయ్యాన్ని చూసి కళ్ళు మూసుకునే పిల్లలు ఈ దెయ్యానికి చెయ్యి ఊపుతారు. "ఆ తలుపు నేను బిగించిందే" అని వడ్రంగి అందరికీ చూపిస్తాడు. భయం తప్ప అన్నీ దొరికే సినిమాలవి.

ఇక దెయ్యం సంగతి. అది బావకి అత్తగారు, అంటే బావమరిదికి కన్నతల్లి. ఒకవైపు కాలూ చెయ్యీ పడిపోయి ఆసుపత్రి నుంచి కూతురింటికి వచ్చిన మనిషి. ఆవిడ గుమ్మం దగ్గర బయలుదేరి హీరోని చేరేలోగా మనం టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి రావచ్చు. హీరో పారిపోకుండా ఎందుకు నిలబడ్డాడో సెలూన్ ఓనరుకే అర్థమయ్యేది కాదు.

"నేను పోయి ఒక గడ్డం చేసొస్తాను సార్, ఈలోగా ఆవిడ వచ్చేస్తారు."

"కదలకు! దెయ్యం నడుస్తోంది!" అని బావ పళ్ళు నూరేవాడు.

ఆ దెయ్యాన్ని వదిలించడానికి ఒక భూతవైద్యురాలు. బావ ఎక్కడి నుంచి పట్టుకొచ్చాడో గానీ ఆవిడ వరస మరీ విడ్డూరం. లోకంలో ఏ భూతవైద్యులైనా దెయ్యాన్ని "ఆగు! పో!" అంటారు. ఈవిడ మాత్రం దెయ్యం పక్కనే నిలబడి, నడుం దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, "రండమ్మా, ముందుకు రండి! మడమ ఆనించండి! భేష్!" అంటుంది.

"దెయ్యాన్ని మెచ్చుకుంటుందేంటి బావా?"

"మంచి భూతవైద్యురాలు" అని బావ క్లుప్తంగా చెప్పేవాడు.

ఇంతలో నిజంగానే అదృష్టం తలుపు తట్టింది. ఫోన్లలో సినిమాలు చూపించే కంపెనీ మేనేజరు ఒకాయన బావ సినిమా చూసి, పడీపడీ నవ్వి, కొంటానన్నాడు. షరతు ఒక్కటే. దెయ్యం నడక కోసెయ్యాలి, వేగంగా కదిలే కొత్త దెయ్యాన్ని పెట్టాలి.

బావ ససేమిరా అన్నాడు. బావమరిదికి ఒళ్ళు మండిపోయింది.

"ఒంట్లో బాగాలేని అమ్మని ఊరికే దొరికింది కదాని నడిపిస్తున్నావు! ఆవిడకీ విశ్రాంతి ఉండదు, నాకూ పేరు రాదు!"

బావ తలొంచుకుని చొక్కాలు మడతపెట్టుకోసాగాడు. దాంతో బావమరిది పాత సినిమాలన్నీ ఇంటికి పట్టుకుపోయాడు. బావకి తెలియకుండా నడకలన్నీ కోసి మేనేజరుకి ఇచ్చేద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కోసిన ముక్కలన్నీ ఒకచోట చేర్చాడు. ఎంత చెత్త పోగయిందో చూద్దామని వరసగా వేశాడు.

మొదటి సినిమాలో దెయ్యం మంచం మీంచి ఒక చెయ్యి మాత్రం ఎత్తింది. తర్వాతి దాంట్లో కూర్చుంది. ఆ తర్వాత మంచం కోడు పట్టుకుని నిలబడింది. తర్వాత గోడ పట్టుకుని గుమ్మం దాకా, తర్వాత హాలు సగం దాకా. కెమెరా పట్టింది తనే. ఫోకస్ సరిచూసుకున్నాడు, లైటు సరిచూసుకున్నాడు, అమ్మని మాత్రం చూడలేదు. అతనికి సిగ్గేసింది. సిగ్గుని మించి సంతోషమేసింది.

పొద్దున్నే లాండ్రీకి పరిగెత్తాడు. "ఆ భూతవైద్యురాలు ఎవరు బావా?"

బావ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. "ఆసుపత్రిలో ఎక్సర్‌సైజులు చేయించే డాక్టరమ్మ. ఎక్సర్‌సైజంటే అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుంటారు. షూటింగంటే లేచి తల దువ్వుకుంటారు."

"నాకు చెప్పొచ్చుగా!"

"నీకు చెబితే మీ అక్కకి చెబుతావు. మీ అక్కకి చెబితే అత్తయ్య చెవిలో వేసినట్టే."

"మరి కట్ ఎందుకు చెప్పవు?"

"చెబితే ఆగిపోతారుగా" అన్నాడు బావ.

ఆ మధ్యాహ్నమే షూటింగు. మేనేజరు జవాబు కోసం ఇంటికొచ్చి హాల్లో కూర్చున్నాడు. బావ నోరు తెరిచేలోగా బావమరిదే చెప్పేశాడు.

"కొంటే కొనండి, లేకపోతే లేదు సార్. నడక మాత్రం ఒక్క ముక్క కూడా కొయ్యను."

"అంత నెమ్మది దెయ్యాన్ని ఎవరు చూస్తారండీ? ఆ ముసలావిణ్ణి తీసెయ్యండి" అన్నాడు మేనేజరు.

లోపలి గది తలుపు దడాలున తెరుచుకుంది. మొహం నిండా తెల్ల పౌడరు, విరబోసుకున్న జుట్టు, ఒంటి మీద ఎవరిదో దుప్పటి. గోడ పట్టుకోకుండా, డాక్టరమ్మ చెయ్యి లేకుండా, దెయ్యం గబగబా హాలు దాటి వచ్చేసింది.

"ఎవర్రా నన్ను తీసేసేది?"

మేనేజరు కెవ్వున అరిచి వీధిలోకి దూకాడు. బావ సినీజీవితంలో భయపడిన మొదటి ప్రేక్షకుడు ఆయనే.

"అత్తయ్యా! మీరు గోడ పట్టుకోలేదు!" అన్నాడు బావ.

"పట్టుకోవడం మానేసి చాన్నాళ్ళయింది నాయనా."

"మరి షూటింగులో..."

"ఏ భూతవైద్యురాలైనా షూటింగ్ అవగానే బీపీ చూసి వెళ్తుందా? నాకు తెలీదనుకున్నావా? నేను చకచకా నడిచేస్తే నువ్వు సినిమాలు మానేస్తావు. నీ సరదా చంపడమెందుకని మెల్లగా నడుస్తున్నాను."

బావ కళ్ళు తుడుచుకుని, ఆ వెంటనే కెమెరా తియ్యమన్నాడు.

మేనేజరు సినిమా కొనలేదు. పారిపోతూ వదిలేసిన చెప్పులు మాత్రం కొత్త సినిమాలో శవానికి సరిపోయాయి. అందులో దెయ్యం గుమ్మం దాటి వీధిలో పడి హీరోని తరుముతుంది. సెలూన్ ఓనరు మొదటిసారి ఆవులించకుండా నటించాడు. భూతవైద్యురాలు దుప్పటి అంచు పట్టుకుని వెనకే పరుగెడుతూ, లోకంలోని భూతవైద్యులందరూ అరిచే మాట ఇన్నాళ్ళకి అరిచింది.

"ఆగండమ్మా! ఆగండి!"

దెయ్యం ఆగలేదు. బావ కట్ చెప్పలేదు.