ఎర్రమట్టి మీద గుర్తు

రెడ్డియార్‌పాళయంలో పాత్రల కొట్టు నడిపే వేదవల్లికి టెన్నిస్ మీద ఉన్నన్ని అభిప్రాయాలు దేవుడి మీద కూడా లేవు. ఎర్రమట్టి మీద ఆడే ఫ్రెంచ్ ఓపెన్ వచ్చిందంటే, కుక్కరు కొనడానికి వచ్చినవాళ్లు టీవీలో పాయింటు అయ్యేదాకా నిలబడాల్సిందే. వింబుల్డన్ ఆమె కంటికి ఆనదు. "పచ్చగడ్డిలో గుర్తు యాడ నిలస్తాది? ఇప్పుడు గీత కాడ నిలబడి చూసే మనుషులు కూడా లేరు, మెషీనే చెప్తాది. మట్టి అట్ల కాదు, బంతి యాడ పడిందో పట్టి చూపిస్తాది" అంటుంది.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. బడి రోజుల్లో ఆమె జూనియర్స్ ఫైనల్ ఆడింది. అంపైర్ లేని ఆట. ఎవరి వైపు పడిన బంతికి వాళ్లే తీర్పు చెప్పాలి, అనుమానముంటే అవతలివాళ్లు వచ్చి గుర్తు చూసుకోవచ్చు. ఒక్క పాయింటు వస్తే కప్పు వేదవల్లిదే. ఆమె కొట్టిన బంతి గీతను తాకింది. అవతలున్న భువనేశ్వరి "ఔట్" అని, ఈ పిల్ల నోరు తెరిచేలోపే బూటుతో గుర్తు చెరిపేసింది. ఆ తర్వాత వేదవల్లి కళ్లలో నీళ్లు నిండాయి, కొట్టిన బంతులు నెట్‌కు తగిలాయి, ఆట పోయింది. నెట్ దగ్గర చెయ్యి కలుపుతూ భువనేశ్వరి, "మెంటల్ టఫ్‌నెస్ కావాల పాపా" అంది.

కప్పు పోతే పోయింది. ఆ మాటకు మాత్రం వేదవల్లి కడుపు ఇప్పటికీ మండుతూనే ఉంది. "పాము కూడా పన్నెండేళ్లకు పగ విడుస్తాదంట, నీకు ఏందే?" అంటాడు మొగుడు జగన్నాథన్. పాముకు టెన్నిస్ రాదు కదా మరి!

ఈ ఏడు క్లబ్బులో పెద్దవాళ్ల పోటీలు పెట్టారు. మొదటి చీటీలోనే వేదవల్లికి ఎదురుగా భువనేశ్వరి పేరు వచ్చింది. ఆమెకిప్పుడు సముద్రం పక్కన వైట్ టౌన్‌లో గెస్ట్‌హౌస్ ఉంది, నలుగురిలో పేరుంది. కోర్టు అదే ఎర్రమట్టి, అంపైర్ ఇప్పుడూ లేడు.

భువనేశ్వరి కొట్టిన మొదటి బంతి గీత దాటి జానెడు అవతల పడింది. వేదవల్లి దాని చుట్టూ రాకెట్‌తో సున్నా గీసింది.

"వచ్చి చూడక్కా."

"ఔటని నాకే కనిపిస్తా ఉంది కదే."

"పరవాలేదు, వచ్చి చూడు. రేపు మాట రాకూడదు."

నలుగురూ చూస్తున్నారు, రానంటే బాగుండదు. భువనేశ్వరి వచ్చి చూసి వెళ్లింది. తర్వాత బయటపడిన ప్రతి బంతికీ అదే సున్నా, అదే పిలుపు. సముద్రపు ఉక్కలో అటూ ఇటూ నడిచి నడిచి ఆమె టీషర్టు తడిసి వీపుకు అంటుకుపోయింది. మొదట నవ్వినవాళ్లు కాసేపటికి నవ్వడం మానేశారు. భువనేశ్వరి సర్వీసులు నెట్‌కు తగలడం మొదలైంది. వేదవల్లికి ఒళ్లంతా చల్లగా, హాయిగా ఉంది.

చివరికి వేదవల్లికి ఒక్క పాయింటు చాలు. భువనేశ్వరి కొట్టిన బంతి వెనక గీత దగ్గర పడింది. వేదవల్లి వంగకముందే అవతలినుంచి కేక వినిపించింది.

"నేను రాను! ఔటే లే, నీకే ఇస్తా, విడిచిపెట్టు తల్లీ!"

రాకెట్ చంకలో పెట్టుకుని ఆమె నెట్ వైపు నడిచింది.

వేదవల్లి వంగి చూసింది. గుర్తు సగం సున్నపు గీత మీదే ఉంది. బంతి లోపలే పడింది. ఒక్క మాట చెబితే చాలు, పాయింటు అక్కది. ఆ రోజు తన బంతి గుర్తూ సరిగ్గా ఇలాగే ఉండాలి. ఆమె దాన్ని తనివితీరా చూసింది. బూటు ఆనించి నిదానంగా చెరిపేసింది.

నెట్ దగ్గరికి వచ్చి చెయ్యి చాచింది. "మెంటల్ టఫ్‌నెస్ కావాలక్కా."

భువనేశ్వరి చెయ్యి ఇస్తూ ఇస్తూ వెనక గీత వైపు చూసింది. సున్నాలు చుట్టిన గుర్తులన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక్కచోట మాత్రం మట్టి బూటుతో రుద్ది ఉంది. అలా ఎప్పుడు రుద్దుతారో ఈ ఊళ్లో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆమె పెదవులు కదిలాయి. కానీ ఔటన్నది తన నోరే.

వేదవల్లి ఆ చెయ్యి వెంటనే వదల్లేదు.