హౌజులో ముంచిన మొద్దు

వజూకు చేతులు తడిపిన ప్రతిసారీ ఈ బరువు గుర్తొస్తుంది. ఇన్నేళ్లూ మోశాను. మీకు చెబుతాను. మీరు నన్నెరగరు, అదే మేలు.

రెండువేల నాలుగో, ఐదో. తెనాలిలో మా మసీదు హౌజులో, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసే తొట్టిలో, చేపలుండేవి. ఖాసిం వాటిని చూసుకునేవాడు. రోజూ రైల్లో రేపల్లె వెళ్లి రంగుచేపలమ్మే మనిషి. మసీదుకొచ్చినా చివరి వరుసే. అలాంటివాడు ఒక నల్లటి మొద్దు తెచ్చి, పాత గోడమీద గీకిన నాచును దారంతో దానికి చుట్టి, హౌజు మధ్య నిలబెట్టాడు. కొన్నాళ్లకు పచ్చగా అల్లుకుంది. నేను చెప్పే ఖురాన్ పాఠం వినాల్సిన పెద్దలు నమాజయ్యాక దాని చుట్టూ చేరేవారు. నాచు కోసం! వాళ్లను చూస్తే ఏవగింపు పుట్టేది.

ఒకసారి ఖాసింని అడిగాను.

“ఏంటయ్యా, సగం పైకుంచావు? మొత్తం ముంచరాదూ?”

“ఇది నేలమీది నాచు భాయ్. చెమ్మ తగిలితే చాలు. ముంచితే కుళ్లిపోద్ది.”

“నీళ్లు పడని నాచా!”

“ముంచితే మీకు మాత్రం పడుద్దా ఏంటి?”

అందరూ నవ్వారు. నాకు ఆ నవ్వే చాలింది.

ఖాసిం చెల్లెలి కాన్పుకని బాపట్ల వెళ్లాడు. ఒక మధ్యాహ్నం అందరూ వెళ్లాక మొద్దుకు రాళ్లు కట్టి ముంచాను. అడిగినవాళ్లకు ఖాసిమే ముంచమన్నాడని చెప్పాను. నమ్మారు. గడ్డం చూసి నమ్మే గొర్రెలు! నాచు కుళ్లింది. నీళ్లు కంపు కొట్టాయి. చేపలు చచ్చి తేలాయి.

శుక్రవారం జుమా నాడు లేచి నిలబడ్డాను. రంగు, రుచి, వాసన మారిన నీటితో వజూ చెల్లదన్నాను. అది సగం మాట. నాచువల్లో, రాలిన ఆకులవల్లో, అందులోనే బతికే చేపలు చావడంవల్లో మారితే మాత్రం చెల్లుతుంది. ఆ మిగతా సగం నాకు తెలుసు, పిల్లలకు నేర్పిందీ నేనే. మింగేశాను.

మా అందరి నమాజులూ చెడగొట్టావని, అప్పుడే ఊరినుంచి వచ్చిన ఖాసిం మీద జమాతంతా విరుచుకుపడింది. అతను హౌజులోకి దిగి మొద్దు పైకి తీశాడు. రాళ్లు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. మొద్దు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఇల్లు రేపల్లెకు మార్చాడు. మా మసీదు గడప మళ్లీ తొక్కలేదు. హౌజు పూడ్చి కుళాయిలు పెట్టారు. నాకు గౌరవం పెరిగింది, థూ.

తెలియక చేస్తే పొరపాటు. తెలిసి, ధర్మాన్నే రాయిగా కట్టి ఒక మనిషిని ముంచితే దాన్నేమంటారు? నేను ఎవరి కోసం అంత నీతి మాట్లాడాను? దేవుడి కోసమా, ఆ నవ్వు కోసమా?

మనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషే క్షమించాలి. రేపల్లె ఎంత దూరం? రైలెక్కితే చాలు. ఎక్కలేదు. పేరు దాచుకుని మీకు రాస్తున్నాను, చూడండి నా ధైర్యం.

అయినా మింగిన సగం ఈ రోజు కక్కుతున్నాను. ఆ నీళ్లు శుద్ధమైనవే. ఖాసిం ఎవరి నమాజూ చెడగొట్టలేదు. అందరివీ చెల్లాయి.

నాదొక్కటే తెలియదు.