సాయంత్రం గడి

మా ఆసుపత్రి టైపు సెక్షన్‌లో ఆయన్ని అందరం గళ్ళ మాస్టారు అంటాం. పాఠాలు చెప్పి కాదు, పట్టికలు కొట్టి. డాక్టరు గీకిన మందుల చీటీ ఆయన చేతిలో పడితే దారికొచ్చేది. పైగడిలో ఉన్నదే కిందా అయితే మళ్ళీ కొట్టేవాడు కాదు, ఖాళీ వదిలేసేవాడు. "చెప్పిందే చెప్పడమెందుకయ్యా, చూసేవాడికి కళ్ళు లేవా?" అనేవాడు. నేనూ తలూపేవాణ్ణి. మా తెలివి తగలెయ్య!

ఆయన అక్కకి చూపు పోయి పదేళ్ళు. ఆ తర్వాత కిడ్నీలూ పోయాయి. మాస్టారు ముందూ వెనకా చూడకుండా తనదొకటి ఇచ్చాడు. అది నిలవాలంటే ఒక మాత్ర ఉదయం రెండు, సాయంత్రం రెండు తప్పకుండా పడాలి. ఆవిడ ఇంటికెళ్ళే రోజున పట్టిక ఆయనే కొట్టి అక్క ఫోనుకి పంపాడు. ఫోను చదువుతుంది, ఆవిడ వింటుంది.

ఆరు వారాలకి ఒళ్ళంతా వాచి మళ్ళీ వచ్చి పడింది. రక్తపరీక్ష చూసి డాక్టరు మండిపడ్డాడు.

"సాయంత్రం మాత్ర వేసుకోవడం లేదా అమ్మా?"

"వేసుకోమని లేదుగా బాబూ," అంటూ ఆవిడ ఫోను నొక్కింది. నేనక్కడే ఉన్నాను. ఉదయం, మాత్ర పేరు, రెండు అని చదివింది ఫోను. తర్వాత, "సాయంత్రం. ఖాళీ. ఖాళీ."

మాస్టారు ఫోను లాక్కుని చూశాడు. "ఖాళీ అంటే పైనున్నదే అక్కా! నర్సు నోటితో కూడా చెప్పింది కదా!"

"చెప్పిందిరా. తర్వాత మార్చారేమో అనుకున్నా. నువ్వు కొట్టిన పట్టిక, అందులో తప్పెందుకుంటుంది?"

కిడ్నీ దక్కలేదు. తీసేశారు. ఆవిడిప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వస్తుంది.

మాస్టారు ఇప్పుడు ఒక్క గడి ఖాళీగా వదలడు. గళ్ళు కలపడు. ఏ గడి దేని కిందదో ఫోను చెప్పేలా పై వరసని శీర్షికగా గుర్తుపెడతాడు. అంతా అయ్యాక కళ్ళు మూసుకుని కంప్యూటరు చేత చదివించుకుంటాడు. "ఒకే మాట పదిసార్లా, ఏమిటయ్యా ఈ సోది?" అన్నాడు మా సూపరింటెండెంటు. నాకు ఒళ్ళు మండింది. "మీరూ కళ్ళు మూసుకుని వినండి సార్, తెలుస్తుంది" అనేశాను.

మొన్న అక్కకి కొత్త పట్టిక కొట్టాడు. ఆ కిడ్నీయే లేదు కనక ఆ మాత్రా అక్కర్లేదు. డయాలసిస్ మంచం మీద పడుకుని ఆవిడ ఫోను నొక్కింది.

"ఉదయం. పాత మాత్ర. వద్దు. సాయంత్రం. పాత మాత్ర. వద్దు."

"ఇప్పుడు శుభ్రంగా అర్థమవుతోందిరా," అంది ఆవిడ, తమ్ముడి చెయ్యి కోసం తడుముకుంటూ.