సాంచాల గొంతుతో స్కానింగ్ గదిలో

సూరత్‌లోని ఉధ్నాలో మరమగ్గాల మధ్య బతికేవాళ్ళకి గుసగుసలాడడం రాదు. మేం సాంచాలనే ఆ మగ్గాల మోతలో వినబడాలంటే అరవాలి. ఆ అలవాటు మాతోపాటే ఇంటికి వస్తుంది. మా ఆయనకైతే ఆ మోతకి చెవులు కూడా సగం పోయాయి. మేమిద్దరం రహస్యంగా మాట్లాడుకున్నామనుకున్నవన్నీ మా గల్లీ మొత్తం విన్నవే.

అందుకే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలినప్పుడు, ఆ సంగతి చెప్పడానికి ఆయన్ని రైలు పట్టాల దాకా నడిపించుకెళ్ళాను. మా పేట దవాఖానాలో డాక్టరు చేత్తో చూసి స్కానింగ్ రాశారు. మా తెలుగువాళ్ళెవరూ ఎదురుపడని చోటు కావాలని పట్టుబట్టి, సూరత్ ఆ చివరనున్న సెంటర్‌కి ఆటోలో వెళ్ళాం.

స్కానింగ్ గురించి నాకంతా తెలుసని ధీమా. కడుపుతో ఉన్నప్పుడు చేయించుకున్నదాన్ని కదా. చెంబుల కొద్దీ నీళ్ళు తాగి, ఉగ్గబట్టుకుని కూర్చున్నాను. కౌంటర్‌లో అమ్మాయి నవ్వాపుకుంటూ దీనికి నీళ్ళూ అక్కర్లేదు, ఉపవాసమూ అక్కర్లేదు అంది. బాత్రూమ్‌కి పరిగెత్తాను. పైగా మర్యాదగా కనబడాలని దట్టంగా పౌడరు కొట్టుకుని, వెనక జిప్పున్న పొడవాటి డ్రెస్సు వేసుకొచ్చాను. నడుము పైన మాత్రమే విప్పితే చాలన్నారు. నా డ్రెస్సుకి ఆ సౌకర్యం లేదు. ముందువైపు తెరుచుకునే గౌను ఇస్తే దాన్ని వెనక్కి తొడుక్కున్నాను. నర్సు తిప్పి వేసి, తడిగుడ్డతో పౌడరంతా తుడిచింది.

పడుకోబెట్టి, చెయ్యి తల పైకి పెట్టుకోమన్నారు. స్కానింగ్ చేసే డాక్టరమ్మ చల్లని జెల్ పూసి, చేతిలో ఇమిడే పరికరాన్ని రొమ్ము మీదా చంకలోనూ జరుపుతూ పోయింది. గడ్డ దగ్గర కాస్త నొక్కింది. నొప్పేమీ లేదు. అప్పటిదాకా మా పిల్లల చదువుల గురించి హిందీలో అడుగుతున్న మనిషి అక్కడ ఆగి, మాటలు మానేసి, తెర మీద కొలతలు తీయడం మొదలుపెట్టింది. ఏది కనబడినా కొలవడం మామూలేనని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నా పని అయిపోయిందనుకున్నాను. నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కలూ ఎగిరిపోయాయి.

"మేడం, నేను సచ్చిపోతే మా ఆయనకు చాయ్ పెట్టుకునుడు గూడ రాదు" అని తెలుగులో మొత్తుకున్నాను.

ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏడుపు అర్థమైంది. నా భుజం మీద చెయ్యి వేసి, అది నీళ్ళు నిండిన తిత్తి, భయపడాల్సింది కాదు, పెరిగినట్టనిపిస్తే మళ్ళీ రమ్మని మెల్లగా హిందీలో చెప్పింది.

ఆ మెల్లని మాట తలుపు దాటలేదు. నా అరుపు దాటింది. అది అర్థమయ్యే మనిషి బయట ఒక్కడే ఉన్నాడు.

నేను వెళ్ళేసరికి మా ఆయన అంతమంది మధ్యలో కూర్చుని తువ్వాలులో ముఖం దాచుకుని ఏడుస్తున్నాడు. నన్ను చూసి లేచి, చెయ్యి పట్టుకున్నాడు.

"చాయ్ నేర్సుకుంట. అన్నం వండుడు గూడ నేర్సుకుంట. నువ్వైతే పోకు" అన్నాడు.

నీటి తిత్తేనని వెంటనే చెప్పాలి. చెప్పలేదు. పెళ్ళయినప్పటి నుంచి నేను కావాలన్న మాట ఆయన నోట రాలేదు. ఇంకాసేపు వినాలనిపించి, సిగ్గులేకుండా, ఆ చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డాను.