నిరుడు జూన్‌లో ఎంత?

1998 మార్చిలో నన్ను యాంటెనాల విభాగం నుంచి ఉపగ్రహ నియంత్రణ కేంద్రంలోని విద్యుత్ విభాగానికి సీనియర్ ఇంజనీరుగా బదిలీ చేశారు. ఉపగ్రహానికి అటూ ఇటూ ఉండే సౌర ఫలకాల నుంచి రోజూ ఎంత కరెంటు వస్తోందో చూడటం నా పని. పని కొత్త, గర్వం మాత్రం పాతదే!

అంతరిక్షంలో ఈ ఫలకాలు ఏళ్లు గడిచేకొద్దీ నీరసిస్తాయి. సూర్యుడి నుంచి దూసుకొచ్చే ప్రోటాన్లు సిలికాన్‌లోని పరమాణువులను చోటు తప్పిస్తాయి. ఎండకు పుట్టిన ఎలక్ట్రాన్లు ఆ లోపాల్లో చిక్కుకుపోయి కరెంటుగా బయటికి రావు. పైనున్న సన్నటి గాజు కొన్ని ప్రోటాన్లనే ఆపగలదు. పోయింది తిరిగి రాదు కాబట్టి ఫలకాలను మొదట్లోనే అవసరానికి మించి పెద్దవిగా చేస్తారు.

ఆ వేసవిలో సౌర తుఫాను ఒకటి వచ్చింది. జూన్‌లో చూస్తే కరెంటు మార్చి కంటే బాగా తక్కువ. తుఫాను ఫలకాలను తినేసిందని తేల్చి, సంకేతాలను అందుకుని తిరిగి పంపే ట్రాన్స్‌పాండర్లు రెండింటిని ఆపేయాలని నివేదిక రాశాను. వాటి మీదే కొండ ప్రాంతపు పల్లెల ఫోన్లు నడిచేవి. నిజంగా కరెంటు చాలకపోతే ఉపగ్రహమే పోవచ్చు. సోమవారం సంతకం పెట్టాలి.

శనివారం మేనకోడలి నిశ్చితార్థానికి బాన్సువాడ వెళ్లాను. భోజనాలయ్యాక కాగితాలు పరిస్తే అక్క కసిరింది. “గీడికి గూడ ఆఫీసు మోసుకొచ్చినవా?”

బావకు నస్రుల్లాబాద్ దగ్గర వరి పొలం. గ్రాఫు చూసి, “గీ గీత గింత కిందికి పడ్డదేంది బామ్మర్ది?” అన్నాడు. మార్చి నుంచి జూన్ లోపల ఫలకాలు దెబ్బతిన్నాయని చెప్పాను.

“మరి నిరుడు జూన్ల ఎంతుండె?”

చూడలేదన్నాను. బావ పగలబడి నవ్వాడు.

“యాసంగి దిగుబడి తెచ్చి వానాకాలంతోని కొలుస్తరా ఎవలన్న? గట్లయితే నా పొలం సచ్చిపోయిందని ఏటేటా ఏడ్వాలె!”

నాలుక కరుచుకున్నాను. మార్చిలో నేరుగా పడే ఎండ జూన్‌లో ఫలకాల మీద ఏటవాలుగా పడుతుంది. పైగా అప్పుడు భూమి సూర్యుడికి దూరంగా ఉంటుంది. ఈ రెండు తగ్గుదలలనూ సరిదిద్దాకే అంకెలు పోల్చాలన్నది ఆ విభాగంలో మొదటి పాఠం. తుఫాను కంగారులో నేను ముడి అంకెలే గీశాను.

చెప్పులేసుకుని బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తాను. ఆఫీసులో డ్యూటీ ఇంజనీరు నిరుటి జూన్ అంకె వెతికి చదివాడు. తేడా ఉంది గానీ, మామూలుగా ఏడాదికి తగ్గేదానికంటే కాస్తే ఎక్కువ. “హమ్మయ్య!” అని అరిచేశాను. బయట వరసలో ఉన్నవాళ్లు నాకేదో ఉద్యోగం వచ్చిందనుకున్నారు.

సోమవారం నివేదిక తిరగరాశాను. తుఫాను దెబ్బ నిజమే, చిన్నది, ఏదీ ఆపనక్కరలేదు. నా తప్పు కూడా పై అధికారికి చెప్పాను. మీ బావగారికి డెప్యుటేషన్ ఇప్పిద్దామా అని ఆయన నవ్వారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, నిరుటి అదే వారపు అంకె పక్కన లేని ఏ నివేదిక మీదా నేను సంతకం పెట్టలేదు. ఆ వేసవిలో ఆ కొండ పల్లెల ఫోన్లకు సూర్యుడి కంటే నేనే పెద్ద ప్రమాదం.